పొద్దున్నే పెట్టిన సాయంత్రం సంతకం

(అక్క ప్రభుత్వాసుపత్రిలో హాజరు రిజిస్టర్ చూసే గుమాస్తా. తమ్ముడు అక్కడే అంబులెన్స్ డ్రైవర్. అక్క వంటింట్లో ఇద్దరూ.)

“ముందు తినరా. తిన్నాక మాట్లాడుకుందాం.”

“ఆకలిగా లేదక్కా. విచారణ సంగతి మాట్లాడదామని వచ్చా.”

“రేపు కదా అది? ఇప్పట్నుంచే బుర్ర పాడుచేసుకోవడం ఎందుకు? కూర వేడిగా ఉంది, కూర్చో.”

“నన్ను మాట్లాడనీ. మా ఆరుగురు డ్రైవర్లకీ మూడేళ్ళ ఓవర్‌టైమ్ డబ్బు రావాలక్కా. రోజూ రాత్రి తొమ్మిదిదాకా బండి నడిపాం. ఆసుపత్రివాళ్ళేమో నీ రిజిస్టర్ చూపిస్తున్నారు. అందులో అందరం ఐదింటికే ఇంటికెళ్ళిపోయినట్టు సంతకాలున్నాయి.”

“ఉన్నాయి మరి. పెట్టింది మీరేగా?”

“పెట్టించింది ఎవరు?”

“ఉప్పు సరిపోయిందా?”

“నేనింకా ముట్టుకోలేదు. పొద్దున రాగానే రెండు గళ్ళలోనూ పెట్టించేసేదానివి. వచ్చినట్టూ, వెళ్ళినట్టూ.”

“ఐదింటికి మీరెక్కడో రోడ్డు మీదుంటారు. గడి ఖాళీగా ఉంటే సూపరింటెండెంట్ నన్ను నమిలేస్తాడు. అందరూ చేసేదే, నేనొక్కదాన్నేనా?”

“అదే నువ్వొచ్చి చెబితే...”

“చెబితే? తప్పుడు రిజిస్టర్ రాసిందని ఇంటికి పంపుతారు. మీ బావ సంపాదన నీకు తెలీదూ? పాప ఫీజు ఎవరు కడతారు, నువ్వా?”

“తెలుసక్కా.”

“తెలిసీ అడుగుతావేం?”

“అడగట్లేదు. మాలో పెద్ద డ్రైవర్, అదే, అందరం తాత అంటామే, ఆయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఈ ఓవర్‌టైమ్ డబ్బుతో పెళ్ళాం కళ్ళకి ఆపరేషన్ చేయిస్తానని కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుంటున్నాడు.”

“ఆయన పేరెత్తకు నా దగ్గర. నిన్న వరండాలో ఎదురుపడి ‘బాగున్నావా అమ్మాయ్’ అన్నాడు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.”

“ఊరుకో అక్కా. ఏడవకు.”

“నీకో నిజం చెప్పనా? సూపరింటెండెంటూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పాపని బడి నుంచి తెచ్చుకోవాలని నాలుగున్నరకే రిజిస్టర్ బీరువాలో పెట్టి తాళం వేసి పోయేదాన్ని. అందుకే పొద్దున్నే పెట్టించుకున్నా. నా అరగంట కోసం మీ మూడేళ్ళ కష్టం గంగపాలు చేశాను.”

“అదీ తెలుసు.”

“ఎలా?”

“బండి అటే వెళ్తుంటే ఎన్నిసార్లు నేనే నిన్ను బడి దగ్గర దింపలేదు!”

“వస్తానురా. రేపు నేనే వచ్చి, పొద్దున్నే పెట్టించానని రాసిస్తా. ఉద్యోగం పోతే పోనీ, కూరగాయలమ్ముకునైనా బతుకుతా. ఇకనైనా తిను.”

“నువ్వు రానంటావనుకున్నా.”

“ఏం, అంత రాతిగుండె అనుకున్నావా?”

“రానంటే బాగుండేది. ఆ మాట విందామనే వచ్చా.”

“అదేంట్రా?”

“రేపటి విచారణ ఇవాళ పొద్దున్నే జరిపేశారక్కా. అందరి తరఫునా నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. బయట తాతావాళ్ళూ నాకోసం టీ పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళకింకా తెలీదు. ఆ సంతకాలు ఎప్పుడు పెట్టేవారని అడిగారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. రోజూ ఐదింటికే, ఇంటికెళ్ళేముందే పెట్టేవాళ్ళమని చెప్పేశాను.”