రెండో పొయ్యి

అదేనమ్మా నేననేది, తప్పు మీవాళ్ళదైతే తిరగాల్సింది మేమా? ఇది నాలుగోసారి రావడం. మొదటిసారి మూడో కిటికీ అన్నారు. మూడో కిటికీకి వెళ్తే సర్వే కాగితం జిరాక్సు తెమ్మన్నారు. తెచ్చాక ఆ సారు సెలవన్నారు. ఇప్పుడు మీరొచ్చారు. సంతోషం. మీరైనా కూర్చోమన్నారు.

మొదట్నుంచీ చెప్పాలా? చెప్తాను, నాకేం. చెప్పీ చెప్పీ బళ్ళో పద్యంలా నోటికొచ్చేసింది. ఇదివరకు చెప్తుంటే ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రావట్లేదు.

మాది రైలు కట్ట పక్క వరసల్లో రెండొందల పద్నాలుగో ఇల్లు. ఇప్పుడు లేదులెండి. అక్కడ ఎనభై అడుగుల రోడ్డు పడింది కదా. మొన్న బస్సులోంచి చూశాను. మా వంటిల్లున్న చోట, రోడ్డు మధ్యలో మొక్కలు పెట్టారు. బాగానే బతికాయి.

ఆ ఇంట్లో రెండు కాపురాలు. నేనూ, మా ఆయనా, మా అబ్బాయీ. అటుపక్క మా మరిది, తోటికోడలు, వాళ్ళ పిల్లలిద్దరు. మధ్యలో తాడు మీద ఒక దుప్పటి. మరిది గోడలకి రంగులేస్తాడు. మా ఆయన లారీ మీద పోతాడు, వారానికి రెండ్రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. నేను టైలరు కొట్టుకి కాజాలు కుట్టి ఇస్తాను, ఇంట్లోనే.

రోడ్డుకి ఇల్లు పోయినవాళ్ళకి బదులు ఇల్లివ్వడానికి మీ లెక్కేమిటమ్మా? పొయ్యికో కుటుంబం, కుటుంబానికో ఇల్లు. అంతేగా? ఎంతమంది ఉన్నారని కాదు, ఎన్ని పొయ్యిలున్నాయని. ఎవరికి తట్టిందో గానీ, బాగానే తట్టింది. మనుషులు అబద్ధమాడినా పొయ్యి ఆడదనుకుని ఉంటారు.

మాకు రెండు పొయ్యిలు. సర్వేకి వచ్చినవాడు ఒకటే రాసుకుపోయాడు. గోడ మీద చాక్‌పీసుతో 214 అని గీసి ఊరుకున్నాడు. పక్కింటికేమో ఏ, బీ అని రెండు వేశాడు. వాళ్ళకి రెండిళ్ళొచ్చాయి, మాకొకటి. కళ్ళెక్కడ పెట్టుకుని రాశాడో మరి. ఎండగా ఉంది, తొందరపడ్డాడేమో.

ఆ ఒక్కటీ మా ఆయన పేరు మీద వచ్చింది. నాలుగో అంతస్తు. ఒక గది, వంటిల్లు, స్నానాల గది. గోడలు తెల్లగా ఉన్నాయి, కాదనను. రెండు నెలలు ఏడుగురమూ అందులోనే ఉన్నాం. ఒకళ్ళు పక్కకి తిరిగి పడుకోవాలంటే మిగతా ఆరుగుర్నీ అడగాలి. నవ్వుకునేవాళ్ళం కూడా.

తర్వాత తనిఖీకొచ్చారు. ఇంటితో ఇచ్చిన కార్డులో పేరున్నవాళ్ళే ఉండాలట. లేకపోతే ఇల్లు రద్దట. మరిది వాళ్ళు కార్డులో లేరు కదా. మర్నాడు పొద్దున్నే సామాను సర్దుకున్నారు. ఎవరూ ఎవర్నీ ఒక్క మాటనలేదు. వాళ్ళ గిన్నెలు పగలకుండా... గిన్నెలు పగలవు కదా, ఏం మాట్లాడుతున్నానో. సొట్టపోకుండా పాతబట్టల్లో చుట్టిచ్చాను.

ఇప్పుడు బస్సు ఆఖరి స్టాపు దాటి, అవతల అద్దెకుంటున్నారు. మా తోటికోడలు మందుల ఫ్యాక్టరీలో బిళ్ళలు అట్టల్లో పెట్టే పని చేసేది. అక్కడ ఏడింటికి గేటు వేసేస్తారు. వాళ్ళుండే చోటు నుంచి మొదటి బస్సే ఏడింటికి. పని పోయింది. పెద్దపిల్లకి బడి మాన్పించి, చిన్నవాణ్ణి మాత్రం పంపుతున్నారు. బస్సెక్కించి ఇద్దర్నీ పంపడం కుదరదంది.

నాకా? నాకేమీ కాలేదమ్మా. తింటున్నాను, పడుకుంటున్నాను. పైపులో నీళ్ళు దిగే చప్పుడు వింటుంటాను. వంట మాత్రం ఏడుగురికి చేసేస్తున్నాను. వండేశాక చూసుకుంటాను. మా అబ్బాయి తిడతాడు.

అభ్యంతరాలకి ఈరోజే ఆఖరని బోర్డు మీద రాశారు. అందుకే పరుగెత్తుకొచ్చాను. మీవాడు సరిగ్గా చూడలేదని రాసుకుని, రెండో ఇల్లు వాళ్ళ పేరున...

ఏం తీశారు? అసలు కాగితమా? నా జిరాక్సు ఇదిగో. దీనికి వెనకపక్క లేదే. వెనక కూడా ఉందా? చదవండి, నేను అద్దాలు తెచ్చుకోలేదు.

"పొయ్యిలు, ఒకటి. ఇంటి పెద్దకోడలు చెప్పిన మీదట నమోదు చేయడమైనది."

సంతకం... చూపించండి. నాదే. చివరి అక్షరం అలా కిందకి జారిపోతుంది నాకు. చిన్నప్పుడు పంతులమ్మ దానికే కొట్టేది.

కాసిని నీళ్ళుంటే ఇవ్వండి.

కాదమ్మా, అతను భయపెట్టలేదు. పాపం మీరలా అనుకోకండి. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చాడు, మా ఇంటికి అలా వచ్చిన ఆఫీసువాడు అతనొక్కడే. రెండుసార్లు అడిగాడు. "మీదంతా ఒకటే పొయ్యా, బాగా ఆలోచించి చెప్పండమ్మా" అన్నాడు. ఒకటే అన్నాను. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ఇందాకా అతన్ని ఆడిపోసుకున్నాను చూడండి, అదీ నేనే.

రెండో పొయ్యి మంచం కిందుంది. నేనే తోశాను. కిరోసిన్ స్టవ్వు అది, మా తోటికోడలిది. తోసి, పైనుంచి బొంత కిందకి వేలాడేలా వేశాను. కిరోసిన్ వాసన తెలుస్తుందేమోనని కిటికీ తెరిచాను. తోటికోడలు ఫ్యాక్టరీకెళ్ళింది. పిల్లలు బడికెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే.

తెలుసమ్మా. పొయ్యికో ఇల్లని నాకు ముందే తెలుసు. తెలియక చేశానని రాయకండి. టైలరు భార్య ముందురోజే చెప్పింది. రెండు పొయ్యిలుంటే రెండిళ్ళిస్తారు గానీ, పక్కపక్కన ఇవ్వరు, చీటీలు తీస్తారు, ఒకటి ఇటు పడితే ఇంకోటి రాళ్ళ క్వారీ అవతల పడొచ్చు అని. ఆవిడ మామూలుగానే చెప్పింది. నాకే గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే ఏం చెప్పను? నవ్వుతారు.

అది, మా తోటికోడలు, మా ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళు. మా ఆయనతో నేను ఈ పద్దెనిమిదేళ్ళలో మాట్లాడినవన్నీ కలిపితే దానితో ఒక్క వర్షాకాలంలో మాట్లాడినంత ఉండవు. జ్వరమొస్తే అదే. మా అబ్బాయి పరీక్ష తప్పి ఇంటికి రాకపోతే ఊరంతా వెతికింది అదే. మా అత్తగారు పోయినప్పుడు నాకు ఏడుపు రాకపోతే, నలుగురూ ఏమైనా అనుకుంటారని నా బదులు కూడా అదే ఏడ్చింది.

పొయ్యిలు వేరెందుకయ్యాయంటారా? అదో పెద్ద కథేం కాదు. ఆరేళ్ళ కిందట చుట్టాల ముందు, "దీని చేతి కూర తింటే సముద్రం తాగినట్టే" అన్నాను. సరదాకే అన్నాను. అది పౌరుషం మనిషి. వారం తిరక్కుండా ఆ స్టవ్వు కొనుక్కొచ్చింది. పదిరోజులు మాటల్లేవు. ఆ తర్వాత నా కూర రుచి అది చూసేది, దాని కూర రుచి నేను చూసేదాన్ని. వేరుపడ్డాకే బాగా కలిసిపోయాం మేము.

సర్వేకి ముందు మీవాళ్ళు మా పిల్లల బడిలో కొత్త ఇళ్ళ నమూనా ఒకటి పెట్టారు చూడండి, అద్దాల పెట్టెలో, అట్ట ఇళ్ళు, స్పాంజి చెట్లు. పైకప్పు తీసి లోపలి గది కూడా చూపించారు. గోరంత మనుషుల్ని కూర్చోబెట్టారు. నేను వంగి అరగంట చూశాను. ఆ గదిలో నాలుగు మంచాలు వేసినా చోటు మిగిలేలా ఉంది. ఇంకేం, ఇక్కడా ఒక దుప్పటి కట్టుకుంటే సరి అనుకున్నాను. బొమ్మలు చిన్నవి చేశారమ్మా. గది పెద్దదేం కాదు.

సాయంత్రం అది ఫ్యాక్టరీ నుంచి రాగానే గోడ చూసింది. "అక్కా, మనకి ఏ, బీ వెయ్యలేదేం?" అంది. నేను కాజా కుడుతూ తలెత్తలేదు. "వాడేం రాసుకున్నాడో నాకేం తెలుసు" అన్నాను. అంతే. అప్పుడే చెప్పుంటే మర్నాడే దిద్దించుకునేవాళ్ళం.

అంతటితో అయిందా? ఇల్లు ఒకటే వచ్చిందని తెలిశాక నన్ను వెంటబెట్టుకుని ఈ ఆఫీసుకే వచ్చింది. అదిగో, ఆ తలుపు దగ్గర ఒంటికాలి మీద లేచింది మీ గుమాస్తా మీద. "మా అక్క దగ్గరుండి రెండు పొయ్యిలూ చూపించింది, మీవాడు గుడ్డివాడా?" అని. నేను పక్కనే నిలబడ్డాను. దాని చేతిసంచి నేనే పట్టుకున్నాను. అది అరిచి అరిచి దగ్గొస్తే మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాను.

దాన్ని దగ్గరుంచుకోవాలనే చేశాను. పంపించేసింది నేనే. రోజూ ఇదే అనుకుంటాను, అనుకుని లేచి కాజాలు కుట్టుకుంటాను. ఏమీ అనిపించదు. దెబ్బ తగిలి తిమ్మిరెక్కిన కాలులా ఉంది లోపల.

రాసుకోండి. అన్నీ రాసుకోండి.

ఏమిటి? తప్పుడు సమాచారమిచ్చినట్టు అవుతుందా? అంటే మా ఇల్లు కూడా... విచారణ పెడతారా. పోవచ్చా? పోవచ్చు, ఉండొచ్చు. సరే. మా ఆయనకి చెప్పలేదు. లారీ దిగాక చెప్తాను. కొట్టడులెండి, తిట్టడు కూడా, ఆయనకి అంత మాట్లాడే ఓపికే ఉండదు.

వాళ్ళకి వస్తుందా మరి? అదీ చెప్పలేరా. కానీ రాయకపోతే రాదు, అంతేగా? అయితే రాయండి.

ఇంకా ఏమిటి? నకలా? దానికెందుకమ్మా నకలు?

ఇల్లు అడుగుతున్నది వాళ్ళ కోసమే కాబట్టి, నేను చెప్పిందంతా వాళ్ళకీ పంపాలా? ఇదంతానా? మంచం కింద తోసిందీ, బొంతా, అన్నీ? ఊరికే సర్వేలో పొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాసి పంపలేరా? మీకు పుణ్యముంటుంది. అది ఇప్పటికీ ఆదివారం ఆదివారం రెండు బస్సులెక్కి నన్ను చూడ్డానికొస్తుందమ్మా. వచ్చి, నా తలకి నూనె రాసి, ఆ సర్వేవాణ్ణి నోరారా తిట్టి వెళ్తుంది.

కుదరదా.

సరేలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు.

ఎక్కడ పెట్టాలి? ఇక్కడా? ఈసారీ జారింది చూడండి.

చిరునామా రాసుకోండి. ఆఖరి స్టాపు దిగాక నీళ్ళ ట్యాంకు, దాని వెనక రెండో సందు, నీలం తలుపు. నంబరు లేదు. రంగులేసేవాడి ఇల్లంటే చూపిస్తారు. మరిది పేరు మీద వద్దమ్మా, దాని పేరు మీదే పంపండి. చదువొచ్చమ్మా దానికి, బాగా వచ్చు. ఎవరూ చదివి వినిపించక్కర్లేదు.