అట్ట కింద ముద్ర

ప్రెస్సు దగ్గర ఇద్దరు. ఒకడు ముప్పై ఏళ్ళుగా అచ్చు వేసేవాడు, రెండోవాడు బొమ్మలు గీసే అతని బావమరిది. పక్క గదిలో మొదటివాడి భార్య, రెండోవాడికి అక్క, తొట్టిలో కాగితం నానబెడుతోంది.

“అంటే, నువ్వు కుర్చీ బొమ్మ చెక్కిన రాగిరేకు మళ్ళీ నా దగ్గరికే వచ్చిందన్నమాట.”

“వచ్చింది బావా.”

“నడిచొచ్చిందా?”

“నేనే తెచ్చాను.”

“ఆర్నెల్ల కింద పట్టుకుపోతూ ఏమన్నావ్? ‘పెద్ద ప్రెస్సు, కొత్త మిషను, నీకెందుకు శ్రమ’ అన్నావ్. నా శ్రమ మీద ఎంత దయరా నీకు. ఏం, ఆ పెద్ద ప్రెస్సు తగలబడిందా?”

“ఇవిగో, వాళ్ళు వేసినవి. చూడు.”

“చూడను.”

“ఒక్కటి చూడు.”

“ఏముంది, గీతలన్నీ శుభ్రంగా పడ్డాయిగా. వెంట్రుకంత గీత కూడా పోలేదు. బానే వేశారు.”

“బానే వేశారు. కుర్చీ ఉంది, కిటికీ ఉంది. కుర్చీ మీద వెలుగేది?”

“నన్నడుగుతావేం? గీసింది నువ్వు.”

“బావా...”

“కాదు, చెప్పు. పేపరువాడికి చెప్పావుగా, ‘ఆ వెలుగు కోసం రెండేళ్ళు తపస్సు చేశాను’ అని. ఆ తపస్సు రేకు మీద ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. ఇక్కడ నున్నగా ఉంది. ఇక్కడా నున్నగానే ఉంది.”

“రేకు మీద లేదు. సిరా తుడవడంలో ఉంది. రేకుకి సిరా పూశాక చివర్లో అరచేత్తో తుడుస్తారే, దాంట్లో. ఒప్పుకుంటున్నాగా, ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?”

“ఒక్కసారి చాలు. కానీ అది ఎగ్జిబిషన్ రోజున చెప్పాలి.”

“మళ్ళీ అదేనా.”

“అదే. నలభై ప్రింట్లకీ మూలన నా ముద్ర ఒత్తాను. సిరా కూడా లేని ముద్ర, వేలితో తడిమితే తెలిసేది. అంతకన్నా అడగలేదు నిన్ను. తీరా వెళ్ళి చూస్తే, ఫ్రేము లోపలి అట్ట సరిగ్గా దాని మీదకే వచ్చింది. నలభైకీ.”

“ఆ ఫ్రేములు కట్టినవాడు...”

“వాడి మీదకి తొయ్యకు. కొలతలిచ్చింది నువ్వు. నేనడిగాను వాణ్ణి.”

“ఇచ్చాను. పేరు ఒక్కటే కనబడితే బావుంటుందనుకున్నాను. తప్పే.”

“ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చానురా ఆ రోజు. ఎవరో ఒకావిడ నన్ను చూసి, ‘టీ ఇటు పట్రా’ అంది. నువ్వు పక్కనే ఉన్నావ్. నవ్వావ్.”

“బావా, ఇంకో ఇరవై వెయ్యాలి. నువ్వెలా అంటే అలా.”

“ముద్ర కనబడాలి.”

“కనబడుతుంది.”

“ఎగ్జిబిషన్‌లో పంచే పుస్తకంలో పేరు పడాలి. నీ పేరు కిందే, అదే సైజులో.”

“వేయిస్తాను. ఎవరి పేరు?”

“ఎవరి పేరేంటి?”

“ఆ పెద్ద ప్రెస్సాయన మన పాత ప్రింటుని భూతద్దం పెట్టి చూశాడు. ‘ఇది చిన్న చెయ్యి. మగవాడి చెయ్యయితే ఒక్క ఊపులో కుర్చీ దాటిపోతుంది, ఇది మూడు ఊపుల్లో వెళ్ళింది’ అన్నాడు. నీ చెయ్యి చాపు బావా.”

“ఎందుకు?”

“చాపు.”

“ఈ మధ్య కాస్త వణుకు. అందుకని...”

“ఈ మధ్యంటే?”

“ఈ మధ్యేనన్నానుగా.”

“నాలుగేళ్ళురా తమ్ముడూ.”

“నువ్వు లోపలికెళ్ళు. కాగితం మరీ నానిపోతుంది.”

“నాననివ్వండి. నాలుగేళ్ళుగా చివరి తుడుపు నాది.”

“నేర్పిందెవరు? సిరా కలిపిందెవరు, ప్రెస్సు తిప్పిందెవరు? మొగుడూ పెళ్ళాల మధ్య నీదేంటి, నాదేంటి? ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. వీడి ముందరా నన్ను...”

“తుడవడం మీరే నేర్పారు, కాదనను. కుర్చీ మీద వెలుగు మీరు నేర్పలేదు. అక్కడ సిరా తగ్గించానని, రేకు చెడగొట్టానని తిట్టారు. వీడు చూసి బావుందన్నాక మాట మార్చారు. నా ఎదురుగానే ముద్ర ఒత్తుకున్నారు, నలభైసార్లు.”

“అక్కా, నీ పేరే వేయిస్తాను. ఇరవై ప్రింట్లు వేసిపెట్టు, చాలు.”

“నువ్వూరుకోరా. నా చెయ్యి గుర్తుపట్టడానికి ఎవరో పరాయాయన భూతద్దం పెట్టాల్సొచ్చింది నీకు.”

“ఏం చేద్దామంటావే ఇప్పుడు? రేకు ఎదురుగానే ఉంది, వీడు పేరు వేయిస్తానంటున్నాడు. నాది కాకపోతే నీదే వేసుకో. సిరా కలపనా?”

“కలుపుకోండి. మీ ఇద్దరూ కలిసి ఎలా వస్తే అలా వేసుకోండి. నేను సోమవారం నుంచి ఆ పెద్ద ప్రెస్సులో చేరుతున్నాను.”

“నాకొక్క మాట చెప్పకుండానా?”

“చెబుదామనే అనుకున్నాను. కానీ అక్కడికక్కడే ఒప్పేసుకున్నాను. ఈ చెయ్యి ఎవరిదో కనుక్కుంటూ వచ్చిన ఆ ప్రెస్సాయన పనీ జీతమూ తర్వాత మాట్లాడదామని, ముందుగా నా ముద్ర మీద ఏ పేరు చెక్కించాలో అడిగాడండీ.”