పన్నెండో గూడు

మేడ మీద, మట్టి పరిచి మొక్కలు పెరగనిచ్చిన కప్పు. ఉదయం తొమ్మిదిన్నర. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నిలబడి ఉంది. ఆమె తమ్ముడి భార్య, కొత్త పెళ్ళికూతురు, మోకాళ్ళ మీద ఉంది.

“లే. బట్టలనిండా మట్టి.”

“ఒక్క నిమిషం వదినా. ఇదిగో, తల బయటపెట్టింది. కిటికీలోంచి వీధి చూస్తున్నట్టు లేదూ?”

“నాకు కనిపిస్తున్నది బొక్క. బొక్కలో ఈగ.”

“తేనెటీగ.”

“తేనేది మరి?”

“ఇవి తేనె దాచవు. గుంపుగా ఉండవు. ఒక్కొక్కటీ తన గూడు తనే తవ్వుకుని గుడ్లు పెడుతుంది. కుట్టడం కూడా తక్కువే.”

“తేనె లేదు, కుట్టదు, అయినా తేనెటీగ. మా తమ్ముణ్ణి ఇంటి పెద్ద అన్నట్టే ఉంది.”

“మధ్యలో ఆయనేం చేశారు?”

“ఏం చెయ్యలేదనే. పెళ్ళికి ముందు చీమ కనిపిస్తే చెప్పు వెతికేవాడు. రెండు నెలలు కాలేదు, నీ పక్కన బోర్లా పడుకుని బొక్కల్లోకి చూస్తున్నాడు. కొత్త జంటలు సినిమాకెళ్తారు. మీరు చెత్తకుప్ప మీదకొస్తారు.”

“నిన్న సాయంత్రం ఆయనే చూపించారు వదినా. ఐదారు మగ ఈగలు ఒకే పుల్లని నోటితో కరిచి పట్టుకుని నిద్రపోతున్నాయి. నవ్వలేక చచ్చాం.”

“మగవాళ్ళు నిద్రపోవడం చూడ్డానికి ఐదంతస్తులు ఎక్కాలా? ఇంకా ఎవరెవరు కాపురం పెట్టారిక్కడ?”

“సాలీళ్ళు, పెంకుపురుగులు, గొల్లభామలు. ఆ రాయి కింద నత్తలు.”

“ఒక్కరైనా సంఘం మీటింగుకి వస్తారా?”

“మీరు పిలిస్తే…”

“వేళాకోళం ఆపు. ఆ ఎండుపుల్లలు కోయొద్దన్నది ఎవరు?”

“నేనే.”

“ఈ బోడినేలలో గడ్డి వెయ్యొద్దన్నది?”

“నేనే వదినా. గడ్డి దట్టంగా పరిస్తే వీటికి తవ్వుకునే చోటుండదు.”

“చూసేవాళ్ళు ఇంటికి దిక్కులేదనుకుంటారు. పదింటికి టైల్స్ మేస్త్రి వస్తాడు. ఈ మట్టంతా బస్తాల్లో కిందికి దింపేస్తాడు. గుర్తుందా?”

“కనీసం పన్నెండు గూళ్ళుంటే ఈ మట్టిని ముట్టుకోబోమని సంఘం ఒప్పుకుంది కదా. కాగితం మీద లెక్క రాసి, మీరు సంతకం పెడితే చాలు.”

“తెచ్చావా కాగితం?”

“తెచ్చాను.”

“ఎన్ని?”

“ఈ మూల ఇంకోసారి చూస్తాను, ఉండండి.”

“ఎన్ని అన్నాను.”

“నాలుగు రోజులుగా చూస్తున్నాను. ఎనిమిదింటికల్లా వచ్చి, అంగుళం అంగుళం…”

“అమ్మాయ్.”

“పదకొండు.”

“పదకొండు.”

“ఒక్కటే తక్కువ వదినా.”

“ఒక్కటి కలిపెయ్. ఎవడొచ్చి చూస్తాడు? వేలితో పొడిస్తే పన్నెండోది తయారు.”

“వద్దు.”

“ఏం, వేలు అరుగుతుందా?”

“లేనిది రాస్తే ఉన్నవాటిని కూడా ఎవరూ నమ్మరు.”

“అబ్బో. అయితే బస్తాల్లోకి వెళ్తాయి. లోపల గుడ్లున్నాయన్నావు?”

“ఉన్నాయి.”

“తెలిసే పదకొండు అంటున్నావు.”

“పదకొండే ఉన్నాయి కనక.”

“ఏడుస్తున్నావా?”

“లేదు. మట్టి పడింది.”

“రెండు కళ్ళలోనా?”

“మేస్త్రిని సాయంత్రం రమ్మనకూడదా? ఇంకొక్కసారి…”

“ఇంకొక్కసారి ఏం చూస్తావు నీ మొహం. ఇటివ్వు ఆ కాగితం. కలం కూడా.”

“పదకొండని రాసే ఉంది వదినా, మీరు కింద సంతకం…”

“కనిపిస్తోంది. కొట్టేస్తున్నాను.”

“అయ్యో, పన్నెండు వెయ్యకండి.”

“పన్నెండెవరు వేశారు? డిగ్రీ ఉంది, లెక్క రాదు. ఆ నీళ్ళ ట్యాంకు వెనక మూడున్నాయి. ఆరింటికి ఎండ పడేది అక్కడొక్కచోటే. ఏడున్నరకల్లా పని ముగించుకుని లోపల్నించి మట్టితో తలుపేసుకుంటాయి. ఎనిమిదింటికి ఆవులిస్తూ వచ్చేవాళ్ళకి ఏం కనిపిస్తాయి? పద్నాలుగు. నెల రోజులుగా చూస్తున్నాను, నమ్మకపోతే రేపు ఆరింటికి లే.”