బాణాలాయన సాగదీసిన నేల

సర్వే ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టులో బాణాలాయన మూడో టీ తాగుతున్నాడు. అయినా కడుపులో మంట చల్లారలేదు. అది టీతో చల్లారే మంట కాదు మరి. పటాలు గీసే గదికి పెద్ద ఎవరో ఆ మధ్యాహ్నం అధికారి చెప్పబోతున్నాడు. బాణాలాయన ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోనే నడుం వంచి పని చేస్తున్నాడు. పోటీకొచ్చినవాడు రెండేళ్ల కిందట చేరిన సొంత తోడల్లుడు. బయటివాడు ఎగరేసుకుపోతే ఒక పూట ఏడ్చి ఊరుకోవచ్చు. తోడల్లుడు ఎగరేసుకుపోతే జన్మంతా ఏడవాలి.

పక్కనే కూర్చున్న ఆఫీసు గుమాస్తా ఊరుకోకుండా గిల్లాడు. "మీ తోడల్లుడు గీసిన పటం చూశారా గురువుగారూ? వాగు వంపు దగ్గర ఇరవై చిన్న గీతలు, ఇరవై బాణాలు. ఒక అంకె మీద ఇంకో అంకె ఎక్కలేదు. అధికారిగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు."

హద్దులో ప్రతి గీత పక్కనా అది ఏ దిక్కుకి పోతోందో, ఎంత పొడవుందో రాయాలి. గీత మరీ పొట్టిదైతే ఆ రాత పట్టదు. అప్పుడు రాతని ఖాళీ చోటికి లాగి, అక్కణ్ణుంచి గీతకి ఒక బాణం వేస్తారు. కంప్యూటర్లో దాని పేరు లీడర్. ఆఫీసంతా మాత్రం బాణమే అంటుంది. బాణాలాయనకి ఆ పేరొచ్చింది అందుకే, ఆయనకి ఆ పేరంటే మోజు కూడాను.

"ఎవరు నేర్పారనుకున్నావు వాడికి?" అన్నాడు బాణాలాయన గ్లాసు కింద పెట్టి. "ఇరవై గీతలకే కళ్లజోడు తుడుచుకున్నాడా! నాకోసారి కొండ అంచు స్థలం ఒకటొచ్చింది. నలభై గీతలు, ఒక్కోటీ రెండేసి అడుగులు. నలభై బాణాలు వేశాను, ఒకదాన్నొకటి దాటితే ఒట్టు. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు, కాదనను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్థలం ఓనరు రొప్పుకుంటూ వచ్చి, అయ్యా, మా అన్నదమ్ములు పంచుకున్నారు, ఇప్పుడు గీతలు నాలుగు వందలు అన్నాడు. కాగితం చాల్లేదు. ఇంకోటి అతికించాను, అదీ చాల్లేదు, గోడ మీదికి లాగాను, గోడ అయిపోయింది, కిటికీ తెరిచి వీధిలోకి లాగాను!"

"వీధిలోకా?" టీ కొట్టావిడ గ్లాసులు కడగడం ఆపేసింది.

"ఇదిగో, ఇక్కణ్ణుంచే పోయాయి తల్లీ, నువ్వింకా కొట్టు పెట్టలేదప్పుడు. ఎదురు మేడవాళ్లు వాటి మీద బట్టలారేసుకున్నారు. తడి దుప్పటి వేసినా ఒక్క బాణం వంగలేదంటే చూడు! ఓనరు ఒక బాణం పట్టుకుని నడుచుకుంటూ పోయాడు, తిన్నగా వెళ్లి తన హద్దురాయికే కాలు కొట్టుకున్నాడు. బండెక్కింది లేదు, దారడిగింది లేదు."

"దిక్కులు బాగానే రాశారన్నమాట," అన్నాడు గుమాస్తా నవ్వు ఆపుకుంటూ.

"బాగానేనా? డిగ్రీలు రాశాను, నిమిషాలు రాశాను, సెకన్లు రాశాను, సెకనులో వెయ్యో వంతు కూడా రాశాను. దిక్సూచి తెచ్చి చూస్తే ముల్లు వెంట్రుకవాసి పక్కకుంది. రాత మార్చమన్నారు. చస్తే మార్చనన్నాను. టీ తాగి వచ్చేసరికి ముల్లే జరిగి నా రాత దగ్గరికొచ్చి నించుంది!"

చెప్తూనే ఓరకంట ఆఫీసు గుమ్మం చూస్తున్నాడు. తోడల్లుడు ఇంకా బయటికి రాలేదు. అధికారి పక్కన నించుని ఇకిలిస్తున్నాడేమో. వాడి చెయ్యి బాగుంటుంది, ఆ సంగతి బాణాలాయనకి అందరికంటే బాగా తెలుసు. తెలియడమే ఆయన బాధ. మొన్న అత్తగారు ఇంటికి కొత్త గది వెయ్యాలని ప్లాను గీయమన్నది కూడా చిన్నల్లుణ్ణే.

"అదంతా ఒక ఎత్తు," గొంతు పెంచాడు. "మొన్నటి బడి స్థలం ఇంకో ఎత్తు. ఉత్తరం గీత యాభై రెండు పాయింటు సున్నా నాలుగు మీటర్లు. నేను నాలుగు సున్నా అని రాసి బాణం వేశాను. కావాలనే! ఏమవుతుందో చూద్దామని. ఏమైందో తెలుసా? నేల సాగింది! నా మాట తీసెయ్యలేక ముప్పై ఆరు సెంటీమీటర్లు సాగింది. హద్దురాయి సరిగ్గా నా రాత దగ్గరే లేచి నించుంది!"

బల్ల చివర గొలుసాయన కూర్చున్నాడు. ఒకప్పుడు కొలత గొలుసు, ఇప్పుడు టేపు పట్టే ముసలాయన. ఇందాకే ఆఫీసులోంచి వచ్చి ఇదంతా విన్నాడు.

"రాయి నించున్నమాట నిజమే సారూ," అన్నాడు. "నేనూ మీ తోడల్లుడుగారూ నించోబెట్టాం. మీరు రాసింది నమ్మి తప్పు చోట పాతాం. పక్క స్థలంవాళ్లు మీదికొస్తే మళ్లీ పీకి, ఎర్రటెండలో సరైన చోట పాతాం. గీత మీద నొక్కితే కంప్యూటరే కొలత రాస్తుందట కదా. మీరు చేత్తో కొట్టారట, అంకెలు తారుమారయ్యాయట."

గుమాస్తా ఇక నవ్వలేదు. బాణాలాయన ముందుకి వంగాడు. "అధికారికి తెలిసిందా?"

"పొద్దున్నే తెలిసింది. పటం మీద మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయిగా, ఎవరి తప్పని అడిగారు. నాదేనన్నారు మీ తోడల్లుడుగారు. ఎందుకలా అన్నారని నేను చాటుగా అడిగితే, ఆయన మా ఇంటికి పెద్దల్లుడు, ఆయన తలవంచుకుంటే రేపు మా వదిన మొహం ఎలా చూడను అన్నారు. పటాల గది పెత్తనం మీకే ఇచ్చారు సారూ. సంతకం కూడా అయిపోయింది."

కోరుకున్న కుర్చీ దక్కింది. మంట మాత్రం రెట్టింపయింది. ఇన్నాళ్లూ తోడల్లుడు చేతిపనిలోనే మించాడనుకున్నాడు, ఇప్పుడు మనసులో కూడా మించిపోయాడు వెధవ. ఇంత అసూయ ఆయనకి జన్మలో ఎప్పుడూ కలగలేదు.

"ఆ గుణం కూడా వాడికి నేనే నేర్పాను," అన్నాడు చివరికి, పక్కవాళ్లకే వినపడేంత గొంతుతో.

"నేర్పే ఉంటారు సారూ," అన్నాడు గొలుసాయన లేస్తూ. "ఉన్నదంతా ఆయనకే ఇచ్చేశారు కాబోలు, మీ దగ్గర చిటికెడైనా మిగల్లేదు."