దప్పిక

హొసకోటె దారిలోని వృద్ధాశ్రమంలో, చంకలో బిడ్డతో వచ్చిన కూతురు మజ్జిగ గ్లాసు తల్లి నోటికి అందించింది.

"దప్పిక లేదే."

"పెదాలు పగిలిపోయుండాయి. నీళ్ళు తాగకే కళ్ళు తిరిగి పడినావని డాక్టరు చెప్పినాడు."

"తాగితే బాత్రూంకి పోవల్ల. ఇంతమందికీ ఒకే ఆయమ్మ. పిలిస్తే ఆమె వచ్చేలోపల... మొన్న చీరంతా తడిసిపాయ. అందరూ చూసిరి."

"నాతో ఇంటికి రామ్మా."

"మూడో అంతస్తుకు నన్ను మోస్తావా, పిచ్చిదానా? నువ్వు పనికి పోతే నన్నెవరు లేపుతారు?"

కూతురు గ్లాసు మళ్ళీ తల్లి నోటి దగ్గర పెట్టింది. "ఇప్పుడు నేనుండా కదా. తాగు. నేను తీసుకుపోతా."

తల్లి మొహం విప్పారింది. "ఎంతసేపుంటావు?"

"చీకటి పడేలోగా బస్సెక్కల్లమ్మా. ఒక గంట."

తల్లి గ్లాసులోకి కాసేపు చూసింది.

"అయితే సగం చాలు."