తెడ్డు చప్పుడు

లూయిసియానా చిత్తడి అడవి అంచున, వరద ఇంకా తగ్గని డిసెంబరులో, వాగు వంపు దగ్గర ఒవీద్ పడవల షెడ్డు. చిన్నకొడుకు క్లెబేర్‌ని వెంటబెట్టుకుని, వాడికి పడవ కొనడానికి ఒవీద్ చెల్లెలు ఎలోడీ వచ్చింది.

"ఇది తిరగబడితే?"

"తిరగబడదు, ఎలోడీ."

"తిరగబడితే అంటున్నాను, అన్నయ్యా. తిరగబడదని నువ్వంటావు. నీళ్ళు కూడా అనొద్దూ?"

"అమ్మా, అడుగు చూడు, బల్లపరుపు. మోకాళ్ళ మీద కూర్చుని తుపాకీ పేల్చినా తొణకదు. ఒవీద్ మావయ్య చేసిన పడవ రాత్రి కురిసిన మంచు మీద కూడా తేలుతుందంటారు."

"నువ్వూరుకో, క్లెబేర్. మీ అన్న అల్సీ కూడా తొణకదనే వెళ్ళాడు."

"కాఫీ చల్లారిపోతోంది. ముందు తాగు, ఎలోడీ."

"నాకు కాఫీ వద్దు. నీళ్ళ కింద మొద్దుకి కొట్టుకుంటే?"

"సొట్ట పడుతుంది. రేకు కదా. చిల్లి పడదు."

"చెట్టు మీంచి పాము పడవలో పడితే?"

"ఈ చలికి పాములన్నీ నిద్రలో ఉంటాయి, చెల్లెమ్మా."

"అన్నీనా? నాలాగ నిద్రపట్టనిది ఒక్కటైనా ఉండదూ?"

"ఉంటే దానిక్కూడా కాఫీ పోస్తాను. కూర్చో. ఇంతకీ ఆ తెడ్డు ఎందుకు మోసుకొచ్చావు?"

"పడవలు తట్టి చూడ్డానికి."

"పుచ్చకాయలనుకున్నావా?"

"నవ్వు, నవ్వు. పొగమంచు దిగితే అడవిలో నోటితో పిలుస్తారా ఎవరైనా? నోరు తెరిచి పిలిస్తే కొరివిదెయ్యం పలుకుతుంది. వాడు పడవ మీద తట్టాలి, నేను గట్టు మీద తట్టాలి. నా కొడుకు పడవ చప్పుడేదో నాకు తెలియకపోతే, దేనికి బదులిచ్చేది?"

"ఇంకా సాయంత్రాలు గట్టు మీదకి వెళ్తున్నావా, ఎలోడీ?"

"వెళ్ళనా మరి? వాడు బదులు తడుతుంటే?"

"కాఫీ..."

"కాఫీ, కాఫీ! అల్సీ పేరెత్తితే చాలు, నీకు కాఫీ గుర్తొస్తుంది. ఫాదర్ దీవించిన రొట్టెలో కొవ్వొత్తి గుచ్చి నీళ్ళలో వదిలాం కదా, నువ్వూ ఉన్నావు. మునిగినవాడు ఎక్కడుంటే రొట్టె అక్కడ ఆగాలి. ఆగిందా?"

"ఆగలేదు."

"కదా! అంటే వాడు మునగలేదు. ఏ దిబ్బ మీదో చిక్కుకున్నాడు. దారి తెలీక. రోజూ సాయంత్రం తడతాను, రెండు దెబ్బలు, ఆగి ఒకటి. కాసేపటికి అటు నుంచీ అలాగే వస్తుంది. క్లెబేర్‌ని అడుగు."

"వస్తుంది, మావయ్యా."

"సరే, సరే. తట్టి చూసుకో మరి. ఈ రేకుది తట్టు."

"అబ్బ! వంటింట్లో గిన్నెలు కూలినట్టుంది."

"మంచిదేగా. నువ్వు ఇంట్లో ఉన్నా వినిపిస్తుంది."

"బాతులకి కూడా వినిపిస్తుంది, మావయ్యా. తెడ్డు ఒక్కసారి తగిలిందంటే మడుగులో బాతన్నది మిగలదు. పైగా బరువు. ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి బురద మీద లాక్కెళ్ళాలి."

"లాక్కెళ్ళడమేంట్రా? ఇంటి ముందు మడుగులోనే వేటన్నావుగా?"

"ముందు మడుగులోనేలే, అమ్మా."

"మరి బురదెక్కడిది?"

"బాతులు ఎక్కడ దిగితే అక్కడికి వెళ్ళొద్దూ... ఇదిగో, ఈ ప్లైవుడ్‌ది తట్టు."

"ఇదేంటి, ముసలాడు దగ్గినట్టుంది. గట్టు దాకా కూడా రాదు దీని గొంతు. మీ నాన్న సముద్రం మీంచి వచ్చాక కొందాం, పద. రొయ్యల పడవ క్రిస్మస్‌కి ఎలాగూ వస్తుంది."

"అప్పటికి వరద తీసేస్తుంది, అమ్మా. వరద ఉండగానే వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"బాతులకి."

"బాతులు ఎక్కడికి పోతాయిరా?"

"మావయ్యా, ఆ మూల గోనెల కింద బోర్లించింది ఏంటి?"

"ఏదీ?"

"అదే, ఆ పొడుగుది."

"అది అమ్మకానికి కాదు."

"ఏం?"

"పాతది. బీట తీసింది."

"నాకు బీటేం కనపడట్లేదే. సైప్రస్ మాను తొలిచి చేసిందిలా ఉంది..."

"గోనెలు లాగకురా! సాలెపురుగులుంటాయి."

"నిజమే, అన్నీ గూళ్ళే. ఒక చెయ్యి వెయ్యి మావయ్యా, వెల్లకిలా తిప్పుదాం."

"ఏ చెయ్యి వెయ్యమంటావు? కట్టు కనపడట్లేదూ? నవంబరులో పునీతుల పండక్కి సమాధులకి సున్నం వేస్తూ నిచ్చెన మీంచి పడ్డాను. అప్పట్నించీ సుత్తి పట్టలేదు, తెడ్డు పట్టలేదు. చొక్కా బొత్తాలు కూడా మా కోడలి చేత పెట్టించుకుంటున్నాను, సిగ్గులేకుండా."

"ఉండు, నేనే తిప్పుతాను. అబ్బ, ఎంత తేలిగ్గా ఉంది! అమ్మా, చూడు. భుజం మీద వేసుకుని నడిచెయ్యొచ్చు."

"ఇది అల్సీ పడవ."

"కాదు, ఎలోడీ. వాడి పడవ వాడితోనే పోయింది."

"నాకు తెలీదా? ఆ ముక్కు, ఆ అంచు..."

"ఒకే మాను చీల్చి రెండు చేశాను. ఒకటి అల్సీ పట్టుకెళ్ళాడు, రెండోది ఇది. కవలలు. అందుకే అమ్మను. చాలా? గోనె కప్పెయ్యరా."

"తట్టి చూస్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"చెల్లెమ్మా, నా మాట విను. ఆ రేకుది తీసుకెళ్ళు. ఊరికే ఇస్తాను."

"నువ్వా? నీ పెరట్లో రాలిన పీకాన్ కాయ కూడా ఊరికే ఇవ్వవు. ఏంటి నీకింత కంగారు? జరుగు."

"ఎలోడీ, వద్దన్నానా..."

"జరగమంటుంటే!"

"అమ్మా? అమ్మా, ఏమైంది? తెడ్డు వదిలేశావేంటి? కూర్చో. ఇలా కూర్చో."

"అదే చప్పుడు."

"ఏది?"

"సాయంత్రం వచ్చేది. వాడి గొంతులాగే ఉంది, క్లెబేర్. ఇంకోసారి తట్టు. నువ్వు తట్టు."

"అదే, అమ్మా. అచ్చం అదే. మావయ్యా, నాకు ఇదే కావాలి. ఎంతైనా ఇస్తాం."

"బాతులకి ఇదెందుకురా? చిన్నది, అంచులు పొట్టి, నీళ్ళు తన్నుకొస్తాయి..."

"బాతులకి కాదు."

"క్లెబేర్?"

"బాతులకి కాదు, అమ్మా. చెప్తే వెళ్ళనివ్వవని చెప్పలేదు. వెనక అడవిలోకి వెళ్తాను. వరద ఉంటేనే అక్కడికి పడవ పడుతుంది. రేకు పడవ తడితే అన్నయ్య ఎవరో అనుకుంటాడు. ఇది తడితే తెలుస్తుంది కదా, మనవాళ్ళేనని. ఆ చప్పుడు పట్టుకుని వెళ్ళి తీసుకొస్తాను."

"వెనక అడవిలోకా? మీ అన్న వెళ్ళిందీ అటే! దేవుడా, నాకు ముందే తెలుసు. పొద్దున్న ఉప్పు ఒలికినప్పుడే అనుకున్నాను..."

"ఒరేయ్, ఆగు. పడవ కింద పెట్టు. ఆ చప్పుడు వెనక ఎవరూ లేరు."

"నువ్వు వినలేదుగా, మావయ్యా."

"నేను వినడమేంట్రా, తట్టిందే నేను."

"ఏంటీ?"

"ఇదే పడవ మీద. ఈ షెడ్డు వెనక రేవులో నిలబడి. నేనే."

"నువ్వా, అన్నయ్యా?"

"వాడు పోయిన శీతాకాలం నువ్వు తిండి మానేశావు. గట్టు మీదే పడుకునేదానివి, మంచులో. ఒక సాయంత్రం చూడలేక తట్టాను. నువ్వు లేచి ఇంట్లోకెళ్ళావు. దీపం వెలిగించావు. వంట పొగ కనిపించింది. మర్నాడు తట్టకుండా ఎలా ఉండను?"

"చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? నీ కొడుకు కాదు, నేనని? వాణ్ణి నా చేత్తో రెండోసారి ముంచినట్టు కాదూ?"

"వాడికి రోజూ కంచం పెట్టాను. గంబో పులుసులో బాతు కాలు వాడిదని వీడికి కూడా వెయ్యకుండా దాచాను. ఉన్ని చొక్కా ఉతికి ఆరేశాను. అంతా నీ కోసమా? నీ తెడ్డు కోసమా? నీ చెయ్యి విరిగిపోనూ!"

"విరిగిందిగా, చెల్లెమ్మా. దేవుడు విన్నట్టున్నాడు. పండగ రోజు నుంచీ తట్టలేదు. మెల్లిగా మానేస్తావులే, మర్చిపోతావులే అని ఊరుకున్నాను."

"మావయ్యా."

"తిట్టు. నువ్వూ తిట్టు."

"పండగ నుంచీ తట్టలేదా?"

"దేంతో తట్టను? సాలెగూళ్ళు నువ్వే దులిపావుగా."

"మీ కోడలు?"

"దానికి ఈ సంగతే తెలీదు."

"నిన్న సాయంత్రం అమ్మతో నేనూ గట్టు మీదే ఉన్నాను. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. వచ్చింది."

"గాలికి మొద్దులు కొట్టుకుని ఉంటాయి."

"గాలి లేదు. పొగమంచు. మొద్దులు ఆగి కొడతాయా, మావయ్యా? అయినా అది నీ వంపు వైపు నుంచి రాలేదు. ఇదివరకు ఇటు నుంచే వచ్చేది, అవును. పండగ తరవాత వెనక అడవి వైపు నుంచి వస్తోంది. అందుకే కదా పడవన్నాను."

"నాకూ వినిపిస్తోందిరా."

"అన్నయ్యా!"

"మంచమ్మీద పడుకుని వింటున్నాను. మొదటి రోజు నేనే నిద్రలో తట్టాననుకున్నాను. చెయ్యి చూసుకున్నాను, కట్టులోనే ఉంది. ఇప్పుడు చీకటి పడకముందే దిండు చెవుల మీద పెట్టుకుంటున్నాను. క్లెబేర్, వెళ్ళకురా. ఇన్నాళ్ళు నీళ్ళలో, ఆ చలిలో... అది బతికున్నవాడి చెయ్యి కాదు."

"అయితే మాత్రం? ఎవరి చెయ్యి మరి? అన్నయ్యదేగా?"

"ఎలోడీ, నువ్వు చెప్పు వాడికి. ఉన్నది ఒక్కడు. రేకు పడవ మీద పాముకి భయపడ్డదానివి, వద్దని ఒక్క మాట చెప్పు."

"అమ్మా?"

"ఎలోడీ, నిన్నే."

"అమ్మా, వెళ్ళమను, వద్దను. ఏదో ఒకటి అను. అలా నీళ్ళకేసి చూడకు."

"చెల్లెమ్మా... పోనీ, కాఫీ వేడి చేసి తెమ్మంటానా?"

"అమ్మా, నాకు భయంగా ఉంది. మాట్లాడు."

"వెళ్ళేటప్పుడు మేమిద్దరమే, అన్నయ్యా. తిరిగొచ్చేటప్పుడు అలా కాదుగా. ముగ్గురు పట్టే పడవ చూపించు."