చప్పటి నీళ్ళు

పెరట్లో, వాలుగా పెట్టిన గాజుపలక కింద బావినీళ్ళు ఎండకి ఆవిరై, ఉప్పు వదిలేసి, చుక్కచుక్కగా బిందెలోకి జారతాయి. ఆ సాయంత్రం మొగుడికి ఇవ్వబోతూ గుక్కెడు రుచి చూసిన కోడలు అక్కడే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇందులో బావినీళ్ళు ఎవరు కలిపారు?"

"నేనే. ఒక్క చెంబుడు."

"రోజూనా?"

"పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్ళకి అలవాటుపడ్డ నాలుక వాడిది. ఈ చప్పటి నీళ్ళు గొంతు దిగట్లేదని గ్లాసు పక్కన పెట్టేస్తుంటే, కన్నతల్లిని, చూస్తూ ఊరుకోనా?"

"ఆ ఉప్పే కదా ఆయన కిడ్నీలు తినేస్తోంది. కాళ్ళవాపు తగ్గట్లేదని నేను డాక్టర్ని తిట్టుకుంటున్నాను."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు అటు చూడలేదు.

"పారబొయ్యనా?"

"వద్దు. మళ్ళీ గాజు కిందే పొయ్యండి. రేపటి ఎండకి ఆ ఉప్పూ దిగిపోతుంది."

"అందాకా వాడేం తాగుతాడే?"

"పొద్దున్నే కూజాలోకి తీసి పెట్టుకున్న నా వాటా చప్పటి నీళ్ళున్నాయి. మీ చేత్తోనే ఇవ్వండి."

"రుచి లేదంటాడేమో."

"అననివ్వండి అత్తయ్యా. రోజూ అననివ్వండి."